తాళంచెవి నా జేబులోనే ఉంది

మా ఊరి సమాధుల తోట గేటుకు ఇనుప తాళం ఉంటుంది. సంఘ కార్యదర్శిగా ఉన్నన్నాళ్లూ దాని తాళంచెవి నా దగ్గరే ఉండేది. మా పిన్ని చనిపోయిన రోజు కూడా అది నా చొక్కా జేబులోనే ఉంది. అయినా ఆ రోజు గేటు తెరుచుకోలేదు.

సొంత పిన్ని కాదు, వరసకు పిన్ని. సండేస్కూల్లో నాకు మొదటి కంఠత వాక్యం నేర్పింది ఆమే. స్త్రీల సమాజాన్ని ఏళ్ల తరబడి నడిపింది. యాభై దాటాక, ఊరి చివర కొత్తగా మొదలైన ఒక చిన్న సహవాసంలో చేరింది. వాళ్లను మా ఊళ్లో 'యేసు నామం వాళ్లు' అంటారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు వ్యక్తులు కారని, ఒక్క దేవుడే అలా బయలుపడ్డాడని, ఆ దేవుడి పేరు యేసని వాళ్ల నమ్మకం. మేం మత్తయి 28:19 చూపించి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం ఇస్తాం. వాళ్లు అపొస్తలుల కార్యములు 2:38 చూపించి, యేసుక్రీస్తు నామంలో మళ్లీ పొందాలంటారు. పిన్ని మళ్లీ నీళ్లలో దిగింది.

ఆ వారమే కమిటీ కూర్చుంది. ప్రభు బల్ల దగ్గరికి ఆమెను రానివ్వకూడదని తీర్మానం చేశాం. సభ్యుల రిజిస్టర్లో ఆమె పేరు మీద ఎర్ర సిరాతో గీత గీశాను. ఆ చెయ్యి నాదే. ఆ తర్వాత ఒకసారి బస్టాండులో కనబడి, "ప్రభువును వదిలిపోలేదురా అబ్బాయా, ఇంకా దగ్గరికి జరిగానంతే" అంది. వందనాలు చెప్పి బస్సెక్కాను. అంతకు మించి మాట్లాడితే ఎవరైనా చూస్తారని భయం.

ఆమె పోయినప్పుడు, భర్త సమాధి పక్కన ఆరడుగుల చోటు ఇవ్వమని కొడుకు వచ్చి అడిగాడు. చర్చి వెనక వరండాలో పెద్దలం కూడాం. "యేసు దేవుడు కాడన్న మనిషిని మన తోటలో ఎట్లా పెడతాం?" అన్నారు ఒక పెద్దాయన. అందరూ తలూపారు. ఆ మాట అబద్ధం. యేసు సృష్టిలో మొదటివాడే కానీ సర్వశక్తిగల దేవుడు కాడనేది యెహోవాసాక్షుల బోధ. పిన్ని నమ్మింది దానికి పూర్తిగా ఎదురు: యేసు తప్ప వేరే దేవుడే లేడని. ఒకరు ఆ కొస, ఒకరు ఈ కొస. మేం ఇద్దరినీ ఒకే గంపలో వేసి 'దుర్బోధ' అని మూత పెట్టాం. ఆ వరండాలో ఉన్నవాళ్లలో ఈ తేడా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అంతో ఇంతో చదువుకున్నవాణ్ణి. నోరు విప్పలేదు. మరుసటి నెలలో కమిటీ ఎన్నికలున్నాయి. యేసు నామం వాళ్ల తరఫున మాట్లాడినవాడిగా పేరు పడటం నాకిష్టం లేకపోయింది. ఇంకా నిజం చెప్పాలంటే, సరైన బోధకు కాపలాదారుగా ఉన్నానన్న తృప్తి కూడా ఆ మౌనంలో ఉంది. దాన్ని ఒప్పుకోవడమే ఎక్కువ కష్టంగా ఉంది.

సాయంత్రం దాకా చూసి, ఆమెను బకింగ్‌హాం కాలువ గట్టున పూడ్చారు.

ఆ కాలువ మాకు ఉత్త కాలువ కాదు. 1876-78 కరువులో జనం ఆకలితో రాలిపోతుంటే, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని మా వాళ్లకు కూలి, కూడు చూపించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా ముత్తాత ఆ కాలువ మట్టి మోశాడని, ఆ ఏటి నీళ్లలో మునిగాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. పిన్ని వాళ్ల ఇంట్లోనూ అదే చెప్పుకుంటారు. ఊరు అంటరానివాళ్లని వెలివేసిన మనుషులు వాళ్లు. వెలి అంటే ఏమిటో మాకన్నా బాగా తెలిసిన జాతి ఎక్కడుంది? ఊరి బావి దగ్గరా శ్మశానం దగ్గరా మాకు జరిగినదాన్నే, ఒకే గుడిసెల వరసలో పుట్టిన మనిషికి, దేవుడి పేరు చెప్పి మేం చేశాం.

ఇంకొక సంగతి పిన్ని పోయిన రెండేళ్లకు గాని నాకు తట్టలేదు. సండేస్కూల్లో త్రిత్వం గురించి అడిగితే మేమందరం చెప్పే పాఠం ఒకటుంది. నీరు, మంచుగడ్డ, ఆవిరి. పదార్థం ఒకటే, రూపాలు మూడు. పిన్ని నాకదే చెప్పింది, పెద్దలు ఆమెకదే నేర్పారు. పదిమంది పాస్టర్ల నోట నేనదే విన్నాను. కానీ ఆ పోలిక త్రిత్వ సిద్ధాంతం కాదు. ఒకే దేవుడు ఒకప్పుడు తండ్రిగా, ఒకప్పుడు కుమారుడిగా, ఒకప్పుడు ఆత్మగా కనబడతాడన్నది మూడో శతాబ్దంలో రోములో సబెల్లియస్ పేరు మీద ప్రచారమై, సంఘం తప్పని తోసిపుచ్చిన బోధ. 1913లో లాస్ ఏంజిలిస్ దగ్గర జరిగిన పెంతెకొస్తు కూటాల్లో యేసు నామ బాప్తిస్మం మాట లేచాక, దానికి దగ్గరగా ఉండే ఆలోచనే మళ్లీ బలం పుంజుకుంది. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ త్రిత్వాన్ని తన విశ్వాసంగా రాసుకున్నప్పుడు ఎంతోమంది సేవకులు బయటికి వెళ్లిపోయారు. ఆ పాయ సముద్రాలు దాటి మా ఊరి చివరికి వచ్చింది. పిన్నికి అది కొత్తగా తోచి ఉండదు. మేం నేర్పిన నీరు, మంచుగడ్డ, ఆవిరి పాఠాన్ని ఆమె నిజమని నమ్మి దాని చివరి దాకా నడిచింది. మా పాఠం నేర్చుకున్నందుకే మేం ఆమెను వెలివేశాం.

నేను ఇప్పటికీ త్రియేక దేవుణ్ణే ఆరాధిస్తాను. ఈ మాట రాయకపోతే, అన్ని నమ్మకాలూ ఒకటేలే అని తేల్చేశాననుకుంటారు. అట్లా అనను. తండ్రి ఎవరు, కుమారుడు ఎవరు అన్నది మాకు ప్రాణంతో సమానమైన ప్రశ్న. దాని మీద వాదం రావడం తప్పు కాదు. అవతలి మనిషి ఏం నమ్ముతున్నాడో అడక్కుండా, వినకుండా తీర్పు చెప్పడమే మా తప్పు. ఈ తప్పు మా వరండాలో పుట్టింది కాదు, సంఘ చరిత్ర పొడుగునా ఉంది. పాతది గనక మా భారం తేలికవుతుందని ఈ చరిత్ర చెప్పడం లేదు. చదివి కూడా నేను నేర్చుకోలేదని చెప్పడానికి చెబుతున్నాను.

325లో, ఇప్పటి టర్కీలోని నైసియాలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి బిషప్పులను కూడగట్టాడు. కుమారుడు లేని కాలం ఒకటుండేదని బోధించిన అలెగ్జాండ్రియా గురువు ఏరియస్‌ను ఆ సభ తప్పుపట్టింది. అక్కడితో ఆగలేదు. చక్రవర్తి అతణ్ణి ప్రవాసం పంపాడు, అతని రాతలు తగలబెట్టమన్నాడు. తర్వాత గాలి తిరిగింది. నైసియా పక్షాన నిలబడ్డ అథనేసియస్ ఐదుసార్లు ప్రవాసం పోయాడు. ఎవరి చేతికి రాజు చిక్కితే వాళ్లు అవతలివాళ్లను తరిమారు. కుమారుడు తండ్రితో 'ఒకే సారం' అన్న మాటకూ, 'పోలిన సారం' అన్న మాటకూ గ్రీకులో తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరంలో అర్థం లేదనను, చాలా ఉంది. కానీ ఆ చరిత్రంతటిలో నన్ను నిలబెట్టి అడిగే ఘట్టం వేరే ఉంది. 362లో అలెగ్జాండ్రియాలో ఒక చిన్న సభ జరిగింది. దేవునిలో మూడు 'హైపోస్టాసిస్'లు (వ్యక్తి అనీ సారం అనీ రెండు రకాలుగా వాడిన గ్రీకు మాట) అనేవాళ్లొక పక్క, ఒక్కటే అనేవాళ్లొక పక్క. అథనేసియస్ మొదటివాళ్లను పిలిచి, మూడంటే మీ ఉద్దేశం ఏమిటని అడిగించాడు. రెండోవాళ్లనూ అట్లాగే అడిగించాడు. విన్నాక తేలింది, మాటలు వేరు, భావం ఒకటేనని. బతుకంతా పోరాడిన మనిషి, అన్నిసార్లు తరిమివేతకు గురైన మనిషి, కూర్చుని అడిగి విన్నాడు. పిన్నిని మేం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మైఖేల్ సెర్వెటస్ సంగతి ఇంకా బాధ. స్పెయిన్ దేశపు వైద్యుడు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి వచ్చే రక్త ప్రసరణను యూరప్‌లో మొదట అచ్చులో వివరించినవాడు. ఆ వివరణ ఉన్నది వైద్య గ్రంథంలో కాదు, త్రిత్వాన్ని కాదన్న అతని పుస్తకంలోనే. 1553 అక్టోబర్ 27న జెనీవా బయట షాంపెల్ దగ్గర అతణ్ణి సజీవంగా కాల్చేశారు. అతని మీద అభియోగం నడిపించింది జాన్ కాల్విన్, మా ప్రొటెస్టెంటు సంఘాలు గురువుగా తలుచుకునేవాళ్లలో ముఖ్యుడు. మంట వద్దు, తల తీయించండని కాల్విన్ కోరాడట. దాన్ని దయ అని కొందరు రాస్తారు. నేను రాయలేను. మంటల్లో సెర్వెటస్ నిత్యుడైన దేవుని కుమారుడా అని యేసును పిలిచాడు. దేవుని నిత్య కుమారుడా అని ఉంటే బతికి ఉండేవాడని చెబుతారు. 'నిత్య' అన్న మాట ఎవరి పక్కన పెట్టాలన్నదే తగవు. పెదవుల మీద యేసు పేరుతోనే అతను చచ్చిపోయాడు.

1903లో కాల్విన్ అనుచరులే షాంపెల్‌లో ఒక ప్రాయశ్చిత్త శిల నిలబెట్టారు. జరిగినదాన్ని ఖండిస్తూనే, అది ఆ శతాబ్దపు తప్పు అని దాని మీద చెక్కించారు. 350 ఏళ్లకు వచ్చిన ఆ పశ్చాత్తాపాన్ని తక్కువ చేయను. కానీ శతాబ్దం మీద నెట్టిన తప్పు ఎవరి తప్పూ కాకుండా పోతుంది. మా వరండాలో జరిగింది పదహారో శతాబ్దంలో కాదు. మా చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి, వాటిలో బైబిలుంది.

యెహోవాసాక్షుల విషయంలోనూ నా దగ్గర లెక్క సరిగ్గా లేదు. తలుపు కొట్టిన వాళ్లను గుమ్మంలోంచే పంపించేయమని కుర్రాళ్లకు నేర్పినవాణ్ణి. హిట్లర్‌కు చేయెత్తి నమస్కరించనందుకు, సైన్యంలో చేరనందుకు వాళ్లను జర్మనీలో నిర్బంధ శిబిరాల్లో వేసి, చొక్కాల మీద ఊదారంగు త్రికోణం కుట్టించారు. నమ్మకం వదిలేశామని కాగితం మీద సంతకం పెడితే విడుదల. చాలామంది పెట్టలేదు. యేసు దేవుడని సరిగ్గా ఒప్పుకునే సంఘాల్లో ఎన్నో అప్పుడు చేయెత్తాయి, లేదా నోరు మూసుకున్నాయి. సిద్ధాంతం మా దగ్గర ఒప్పుగా ఉంది. యేసు మాట కోసం నిలబడాల్సిన రోజున నిలబడ్డది, మేం క్రైస్తవులే కారన్నవాళ్లు.

నెస్టోరియస్ బోధను తప్పుపట్టిన 431 ఎఫెసు సభ దగ్గర విడిపోయిన తూర్పు సంఘంతో 1994లో రోమన్ కాథలిక్ సంఘం ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేసింది. క్రీస్తు గురించి మన విశ్వాసం ఒకటేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. మధ్యలో 1,563 ఏళ్లు గడిచాయి. ఆ మధ్యలోనే, 1599లో, కేరళలోని ఉదయంపేరూరులో పోర్చుగీసు బిషప్పు సభ జరిపి, నెస్టోరియస్ బోధ ఉందన్న నెపంతో, ఆ తూర్పు సంఘంతో బంధమున్న తోమా క్రైస్తవుల సురియానీ పుస్తకాలు తగలబెట్టించాడు. కాలినవి ఏ ప్రకటనతోనూ తిరిగి రావు. వినడానికి అంత కాలం తీసుకుంటే జరిగేది అదే. పిన్ని విషయంలో నేను తీసుకున్న కాలమూ చిన్నదేం కాదు. ఇప్పుడు వినడానికి ఆమె లేదు.

ఆమె కొడుకు ఇప్పటికీ మా వీధిలోనే ఉంటాడు. ఆ రోజు అతనికి మేం చెప్పించిన మాట, "కార్యదర్శి ఊళ్లో లేడు, తాళంచెవి దొరకలేదు" అని. తమ్ముడూ, నేను ఊళ్లోనే ఉన్నాను. తాళంచెవి నా దగ్గరే ఉంది.

కమిటీ పెద్దలకు నాదొక మనవి. ఆ ఎర్రగీత గీసింది నేను, తీసేసే అధికారం మీది. వచ్చే కూటంలో పిన్ని పేరు మళ్లీ రాయాలని కాగితం పెడుతున్నాను. దాని మీద చేతులెత్తే ముందు ఆమె కొడుకును పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వాళ్లమ్మ యేసును ఎవరని నమ్మిందో అతన్నే అడగండి. చెప్పేదాకా మధ్యలో ఎవరూ మాట్లాడకండి.