చేతిలో ఆట – చదువుకు చేటు

సాయంత్రం బడి గంట కొట్టగానే కబడ్డీ కూతలు వినిపించే పల్లెలు తగ్గిపోతున్నాయి. ఇప్పుడు బస్సు షెల్టరులోనో, రామాలయం అరుగు మీదనో నలుగురు కుర్రాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. ఒకరి ముఖం ఒకరు చూడరు. నాలుగు తలలూ నాలుగు ఫోన్ల మీద వంగి ఉంటాయి.

ఈ ఫోన్లన్నీ సరదాకు కొన్నవి కావు. 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు పిల్లల పాఠాల కోసం అప్పు చేసి కొన్న ఇళ్లూ ఉన్నాయి. తర్వాత బడులు తెరిచారు. ఫోను మాత్రం పిల్లల చేతిలోనే ఉండిపోయింది. పాఠం పోయి ఆట మిగిలింది.

ఆడటమే తప్పని ఎవరూ అనరు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ వ్యసనాన్ని జబ్బుల పట్టికలో చేర్చింది. గుర్తులు మూడు. ఆపుదామన్నా ఆపలేకపోవడం, తిండి, నిద్ర, చదువు, పని అన్నిటికన్నా ఆటే ముందు కావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మానకపోవడం. ఈ తీరు ఏడాదిపాటు సాగితే సాధారణంగా దాన్ని జబ్బుగా లెక్కిస్తారు.

చట్టాలు లేకపోలేదు. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీని నిషేధించింది. మరుసటి ఏడాదే ఆ కోవ ఆట వేరే పేరుతో వచ్చింది. డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఆడించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అందులో ఉన్నాయి. హర్షించదగిందే. కానీ నిద్రను, చదువును పణంగా పెట్టే ఆటలకు ఆ నిషేధం వర్తించదు. అర్ధరాత్రి దుప్పటి కింద వెలిగే ఫోనును పోలీసులు వచ్చి ఆర్పలేరు. ఆ పని ఇంటివారిదే.

కొట్టి లాక్కుంటే వ్యసనం పోదు, పిల్లవాడు దూరమవుతాడు. ఈ ఆటల్లో జట్టు ఉంటుంది. మధ్యలో వదిలితే తోటివారు తిడతారు. అందుకే ‘ఇదొక్కటి అయిపోనీ అమ్మా’ అంటాడు. ఆ ఒక్కటీ ముగిశాక ఫోను ఇచ్చేయాలని ముందే ఒప్పందం చేసుకోవాలి. రాత్రి తొమ్మిది దాటాక ఇంట్లోని ఫోన్లన్నీ ఒకే చోట పెట్టాలి. ఆ కట్టుబాటు పెద్దలకూ ఉండాలి. తండ్రి మంచం మీద వీడియోలు చూస్తూ కొడుకును మందలిస్తే చెల్లదు. డబ్బు చెల్లింపుల పిన్ను పిల్లలకు చెప్పరాదు. ఆటలో తుపాకులు, దుస్తులు కొనడానికి ఖాతాలోని సొమ్ము పోయే ప్రమాదం ఉంది.

గ్రామ పెద్దలకూ బాధ్యత ఉంది. ముళ్లకంప పెరిగిన బడి మైదానాన్ని బాగు చేయించి, ఒక వాలీబాల్ నెట్ కట్టిస్తే చాలు. ఆడటానికి చోటు చూపకుండా ఫోను వదలమంటే పిల్లలు ఎక్కడికి పోతారు?

పరిస్థితి చేయి దాటిందనిపిస్తే దాచిపెట్టరాదు. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. పదో తరగతి ఫలితాలు వచ్చాక తల పట్టుకునేకంటే, ఈ రాత్రే తల్లిదండ్రులు మేల్కొనడం మంచిది.