నూఱవ దినము

మన పట్టణములలో వాణిజ్యశాస్త్రమును, గణితమును, ఇంజనీరింగును చదివిన యువకులకు నేడొక పరీక్షపై మక్కువ హెచ్చినది. దాని పేరు ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్ పరీక్ష, ఎఫ్.ఆర్.ఎం. అని పొడియక్షరములతో వ్యవహరింతురు. అమెరికాలో జెర్సీ సిటీ కేంద్రముగాగల గార్ప్ అను సంస్థ 1997 నుండి దీనిని నడుపుచున్నది. బ్యాంకులకును, పెట్టుబడి సంస్థలకును వాటిల్లగల నష్టములను ముందుగా గుర్తించి, కొలిచి, అదుపునందుంచు విద్యకు ఇది గీటురాయి యని ప్రసిద్ధి. పరీక్ష రెండు భాగములు. మొదటిదానిలో 100 ప్రశ్నలు, రెండవదానిలో 80. ఒక్కొక్కదానికి నాలుగు గంటల కాలము. ఇచ్చిన జవాబులలో సరియైనదానిని ఎంచుటయే పని. రెండును గట్టెక్కి, రెండేండ్ల ఉద్యోగానుభవము చూపినవానికి తన పేరు ప్రక్క మూడక్షరములు వ్రాసికొను హక్కు కలుగును.

ఈ మూడక్షరముల కొఱకు జరుగుచున్న ఆరాటమును గూర్చి ఈ వారము నాలుగు మాటలు వ్రాయదలచితిమి. ఆ విద్యయందు మాకు గౌరవము కలదు. దానిని సంపాదించుచున్న విధమునందే మాకు తగవు.

ఇట్టి పరీక్షలే వ్యర్థమని కొందఱు పెద్దలందురు. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించినప్పుడు ఏ విదేశపు యోగ్యతాపత్రము ఉండినదని వారడుగుదురు. ఈ వాదము వినుటకు ఇంపుగా నుండునే గాని నిలువదు. ఆనాడు అప్పు పుచ్చుకొనువాని ఇల్లును, పొలమును, మాట నిలుకడను ఊరివారిని విచారించి తెలిసికొనుటకు వీలుండెను. నేడో, ఒక యూర పుట్టిన అప్పు వేయి అప్పులతో కలిపి మూటగట్టబడి, ఎన్నడును ఆ యూరి పేరు వినని వానికి విక్రయింపబడుచున్నది. ఆంధ్రా బ్యాంకే 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. ముఖము చూచి నమ్ము కాలము గడచి, అంకెలు చూచి నమ్మవలసిన కాలము వచ్చినది. కావున అంకెల విద్య కావలసినదే. హైదరాబాదు పడమటి శివారులలోని విదేశ బ్యాంకుల కార్యాలయములందు మన పిల్లలు వేలసంఖ్యలో ఉద్యోగములు చేయుచున్నారు. ఈ విద్యను వారు నేర్వరాదని ఎవరనగలరు?

నేర్చుకొనుచున్నారా యన్నదే ప్రశ్న. సూత్రముల చీటీలు, నమూనా ప్రశ్నల మూటలు, గడియారమును ఎదుట బెట్టుకొని గడులు నింపు అభ్యాసము: ఇదియే పెక్కు శిక్షణాలయములలో చదువు. చిన్నతనమున ఆవు వ్యాసమును వల్లించిన రీతినే పెద్దతనమున బ్యాంకుల పతనమును వల్లించుచున్నాము. ఈ పరీక్షలో తప్పు జవాబునకు మార్కులు కోయరు గనుక, తెలియని ప్రశ్నకును ఏదోయొక గడిని నింపి రమ్మని బోధింతురు. మార్కుల కిది మంచి యుపాయమే. కాని తెలియనిదానిని తెలియదని చెప్పుటయే ప్రథమ ధర్మమైన వృత్తికి ఇదెట్టి అక్షరాభ్యాసము!

ఒక్క పాఠమును ఉదాహరింతుము. వాల్యూ ఎట్ రిస్క్ అను లెక్క ఈ పరీక్షకు పట్టుగొమ్మ. నూటికి 99 దినములు నష్టము ఇంతకు మించదని చెప్పు అంకె యది. విద్యార్థి దానిని మూడు విధముల కట్టగలడు. నిమిషములో జవాబు గుర్తింపగలడు. ఆ మిగిలిన నూఱవ దినమున ఏమి జరుగునో ఆ అంకె చెప్పదు. రూపాయి పోవునో, పెట్టె పోవునో, ఇల్లే పోవునో దానికి తెలియదు. బ్యాంకులు కూలునది ఆ నూఱవ దినముననే. ఈ లోపమును గుర్తించియే అంతర్జాతీయ బేసెల్ సంఘమువారు 2016లో బజారు నష్టముల కొలతకు ఆ లెక్కను మార్చి, హద్దు దాటిన దినములలో సగటున ఎంత పోవునో చూపు మఱొక లెక్కను విధించిరి. ఈ మార్పు ఏ సంవత్సరమున జరిగెనని అడిగిన మన విద్యార్థి చెప్పును. ఏల జరిగెనని అడిగినచో ఎందఱు చెప్పగలరు?

గణితమొక్కటే రక్షించునని నమ్మువారికి చరిత్ర చాలినంత బుద్ధి చెప్పినది. 1997లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము నందిన మైరన్ షోల్స్, రాబర్ట్ మెర్టన్ అను ఇరువురు పండితులు లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ అను సంస్థలో భాగస్వాములు. మఱుసటి యేడే ఆ సంస్థ కుప్పగూలెను. న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకు మధ్యవర్తిత్వమున 14 సంస్థలు సుమారు 360 కోట్ల డాలర్లు పోసి దానిని ఆదుకొనవలసివచ్చెను. 2012లో జె.పి. మోర్గన్ బ్యాంకు లండను శాఖలో 600 కోట్ల డాలర్లకు పైగా నష్టము కలిగినప్పుడు, నష్టభయమును కొలుచు పట్టికలో సగటుచే భాగింపవలసినచోట మొత్తముచే భాగించినట్లు బయటపడెను. ఆ పట్టికలోనికి అంకెలను చేతితో ఎత్తి వ్రాయుచుండిరట. సూత్రము తెలియనివారా వారు? సూత్రము తెలియును, ఒకసారి సరిచూడుమని గట్టిగా అడిగి నిలిచినవాడు లేడు.

మఱికొన్ని చోట్ల గణితముతోనే పనిలేదు. 1762లో పుట్టిన బేరింగ్స్ బ్యాంకును 1995 ఫిబ్రవరిలో సింగపూరునందలి ఒక్క ఉద్యోగి ముంచివేసెను. నిక్ లీసన్ అను ఆతడే బేరములు చేయువాడు. ఆ బేరముల లెక్కలు సరిచూచు శాఖకును ఆతడే యజమాని. 88888 అను సంఖ్యగల ఖాతాలో నష్టములను దాచెను, మొత్తము 82.7 కోట్ల పౌండ్లు. కంచెయే చేను మేసినది. మన దేశమున 2018లో బయటపడిన పంజాబు నేషనల్ బ్యాంకు మోసమును చూడుడు. బొంబాయి బ్రాడీ హౌస్ శాఖనుండి విదేశ బ్యాంకులకు హామీ వార్తలు వెడలుచుండెను. ఆ వార్తలను పంపు యంత్రమునకును, బ్యాంకు ఖాతాపుస్తకమునకును లంకె లేకుండెను. వేలకోట్ల రూపాయల హామీలు ఖాతాలో కెక్కకయే ఏండ్ల తరబడి సాగినవి. దీనిని పట్టుటకు కలనగణితము అక్కఱలేదు. ఈ రెండు పుస్తకములు ఏల సరిపోలవని అడుగు నోరు కావలెను.

మన గడపలోని పాఠములును కలవు. 1994లో వ్యాపారము నారంభించిన గ్లోబల్ ట్రస్టు బ్యాంకు సికింద్రాబాదు కేంద్రముగా వెలసినది. షేరు బజారు వ్యాపారులకిచ్చిన అప్పులు మునిగి, 2004 జూలై 24న దానిపై మారటోరియము విధింపబడెను. డిపాజిటుదారులు 10,000 రూపాయలకు మించి తీసికొనరాదనిరి. పిల్ల పెండ్లికి, ముసలి తల్లి వైద్యమునకు దాచుకొన్నవారికి ఆ మాట ఎట్లు వినబడియుండును? ఆగస్టులో అది ఓరియంటల్ బ్యాంకులో కలిసినందున డిపాజిట్లు దక్కినవి. వాటాదారులకు చిల్లిగవ్వయు దక్కలేదు. 2010లో మన రాష్ట్రమున సూక్ష్మఋణ సంస్థల గతి ఏమైనది? నూటికి 98, 99 వంతులు వసూలగుచున్నవని అవి గర్వించినవి. ఒక సంస్థ వాయిదా కట్టుటకు మఱొక సంస్థవద్ద అప్పు చేయుచున్న ఇల్లాండ్రను లెక్కలో చేర్చినవారు లేరు. ఆ యేటి అక్టోబరులో ప్రభుత్వ శాసనము రాగానే వసూళ్లు నిలిచినవి. అప్పులలో అధికభాగము ఒక్క రాష్ట్రముననే ఇచ్చిన సంస్థలు నడుము విఱిగి పడినవి. నూఱవ దినము మన పల్లెలకును వచ్చినది.

ఇక ఉద్యోగమిచ్చువారి మాట. పత్రమున్నవానినే పిలుతురు, వచ్చినవాని మాట విందురా? 2017 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు స్పష్టముగా శాసించినది: బ్యాంకులో నష్టభయ ప్రధానాధికారికి స్థిరమైన పదవీకాలము ఉండవలెను, అతనికి వ్యాపార శాఖలతో లోబడు సంబంధము గాని, వ్యాపార లక్ష్యములు గాని ఉండరాదు. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఇట్టి నిబంధన భావము వెంటనే తెలియును. న్యాయాధికారికి జీతము వాదిచేత ఇప్పింపరాదన్న సూత్రమే యిది. కాని శాసనము కాగితముపై నుండిన చాలదు. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు 2022లో సుమారు ఎనిమిది నెలలు ఈ పదవిని ఖాళీగానే యుంచెను. వడ్డీరేట్లు పెరిగినచో దీర్ఘకాలపు బాండ్ల విలువ తఱుగునన్నది మన మొదటి భాగపు విద్యార్థియు ఎఱిగిన పాఠము. ఆ పాఠమే ఆ బ్యాంకును మ్రింగెను. 2023 మార్చి 9వ తేదీన ఒక్క దినముననే ఖాతాదారులు 4,200 కోట్ల డాలర్లు తీసికొనిపోయిరి. మఱునాడు తలుపులు మూతపడెను.

మఱి ఎట్లు సిద్ధపడవలెను? మొదట, విద్యార్థి తన సొంత నష్టభయమును లెక్కింపవలెను. రుసుము డాలర్లలో కట్టవలెను; తప్పినచో పరీక్ష రుసుము మరల కట్టవలెను. మొదటి భాగమునకు కూర్చుండినవారిలో సుమారు సగముమందియే గట్టెక్కుచున్నారు. ఇవి తెలిసియు, తండ్రిచేత అధికవడ్డీకి అప్పు చేయించి శిక్షణాలయమున పోయువాడు పరపతి పాఠమును పుస్తకము తెఱవకముందే తప్పినవాడు. రెండవది, ప్రతి సూత్రమును కాగితముపై స్వహస్తముతో సాధించి, అది ఏ యూహలపై నిలిచినదో, ఆ యూహ చెడినచో ఏమగునో వ్రాసికొనవలెను. మూడవది, ప్రతి అధ్యాయమునకు ఒక పతనమును జతచేసి చదువవలెను. విచారణసంఘముల నివేదికలు ఉచితముగా లభించుచున్నవి. నమూనా ప్రశ్నలకు వెచ్చించు కాలములో నాల్గవ పాలు వానికి చాలును. నాలుగవది, తాను నేర్చినదానిని తెలుగున, లెక్కలు రాని డిపాజిటుదారునకు తెలియునట్లు చెప్పగలుగవలెను. ఈ దేశపు బ్యాంకులలోని సొమ్ము అట్టివారిదే. మన పఠనమందిరములలో వారమునకొక సాయంకాలము ఇట్టి ప్రసంగమేల జరుగరాదు? చెప్పలేనివానికి తెలియలేదన్నమాట.

యువకులారా! పరీక్షకు కూర్చుండుడు, ఉత్తీర్ణులు కండు, మీ జీతములు పెరుగుగాక. కాని ఒకనాడు మీ పై యధికారి ఒక అప్పు కాగితమును మీ ముందుంచి, లాభము మెండుగా నున్నది, వెంటనే చేవ్రాలు చేయుమనును. నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకొమ్మని ఆనాడెవరును చెప్పరు. ‘ఇది సరిగా లేదు, నేను చేవ్రాలు చేయను’ అను జవాబును మీరే వ్రాయవలెను. దానిని వ్రాయుటకు కావలసిన తెలివిని, తెగువను నేటి చదువులోనే కూర్చుకొనుడు.