బీగం వేసిన ఇంటికి కాపలా ఎవరు?



మొన్న ఆదివారం మన సంఘం సభ్యుడొకాయన మమ్మల్ని తన ఇంటి దగ్గరికి పిలుచుకొని పోయాడు. ఇంటి దగ్గరికే గాని ఇంట్లోకి కాదు. వాకిలికి బ్యాంకు బీగం ఉంది. తలుపుకు అంటించిన నోటీసు వానకు తడిసి సగం ఊడిపోయింది. ట్విస్టింగ్ మిల్లులో ఇరవై ఏళ్ళకు పైగా నైట్ షిఫ్టులు చేసి, చీటీలు పాడి, భార్య మెడలోని బంగారం కుదువ పెట్టి, మిగతా దానికి బ్యాంకులో అప్పు తీసుకొని కట్టుకున్న మిద్దె ఇల్లు అది. మిల్లులో పని దినాలు తగ్గాయి. ఇంట్లో ఆపరేషను ఖర్చు వచ్చింది. కంతులు నిలిచిపోయాయి. ఇప్పుడు ఆ కుటుంబం బాడుగ గదిలో ఉంది.

మేము రోడ్డు మీద నిలబడి చూశాము. మిద్దె మీది నీళ్ళు పోయే గొట్టం ఆకులతో పూడుకుపోయింది. నిలిచిన నీరు గోడలోకి దిగి పెచ్చులు రాలుతున్నాయి. బోరు మోటారు లేదు, స్టార్టరు పెట్టె ఖాళీగా ఉంది. కిటికీ రెక్క ఒకటి ఎవరో పీక్కొని పోయారు. మూత లేని సంపులో దోమలు ముసురుతున్నాయి. ఆరు నెలల కిందట అక్కడ పిల్లలు చదువుకుంటూ ఉండినారంటే నమ్మబుద్ధి కాదు.

ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. “అన్నా, అప్పు నాది, ఒప్పుకుంటాను. ఇల్లు ఇట్లా పాడవుతున్నది గదా, ఈ నష్టం ఎవరిది? నాదా, బ్యాంకుదా?”

ఈ నెల మేము రాసేది ఆ ప్రశ్నకు జవాబు. ఇది ఒక్కరి కథ కాదు. చింతామణిలోనే గాక శిడ్లఘట్ట, బాగేపల్లి వైపు కూడా అప్పు చేసి ఇల్లు కట్టుకున్న మిల్లు కార్మికులు మనలో చాలామంది ఉన్నారు. రేపు ఎవరి వాకిలికి ఏ కాగితం అంటిస్తారో చెప్పలేము.

ముందు ఒక లెక్క వేసి చూద్దాము. ఒక కార్మికుని బాకీ వడ్డీతో కలిపి 9 లక్షలు అనుకోండి. ఇల్లు బాగున్నప్పుడు అమ్మితే 11 లక్షలు వస్తుంది. బాకీ పోను మిగిలిన 2 లక్షలు ఆ కార్మికునికే రావాలి. అదే ఇల్లు రెండు వానకాలాలు గాలికి వదిలేస్తే, వేలంలో 7 లక్షలకే పోతుంది. అప్పుడు మిగులు లేకపోగా ఇంకా 2 లక్షల బాకీ నిలుస్తుంది. ఆ బాకీ కోసం బ్యాంకు మళ్ళీ కోర్టుకు పోవచ్చు. రెండిటికీ తేడా 4 లక్షలు. ఆ నాలుగు లక్షలూ కార్మికుని నెత్తి మీదనే పడతాయి. ఇల్లు పోయిందిలే, ఇక మనకేమి అని ఊరుకుంటే ఎంత మోసపోతామో ఈ లెక్కే చెప్తుంది. అమ్ముడు పోయే దాకా ఆ ఇంటి గోడ, తలుపు, మోటారు అన్నీ మన లెక్కలోనివే.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాము. బ్యాంకులు ఇండ్లు స్వాధీనం చేసుకునేది 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద. కోర్టుకు పోకుండానే తాకట్టు ఆస్తిని పట్టుకొని అమ్మే అధికారం ఆ చట్టం ఇచ్చింది. కంతులు 90 రోజులకు మించి నిలిచిపోతే అప్పును మొండి బాకీగా రాసుకుంటారు. తరువాత 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తారు. దానికి మనం రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపితే బ్యాంకు 15 రోజులలోగా జవాబు చెప్పాలి. గడువు దాటిన తరువాత స్వాధీనపు నోటీసును వాకిలికి అంటించి, రెండు పత్రికలలో వేయాలి. అందులో ఒకటి స్థానిక భాష పత్రిక కావాలి. దీని మీద 45 రోజులలోగా బెంగళూరులోని రుణ వసూలు ట్రిబ్యునలుకు పోవచ్చు. లక్ష రూపాయలు మించని అప్పుకూ, అసలు వడ్డీలలో బాకీ 20 శాతం కన్న తక్కువ మిగిలిన అప్పుకూ, తాకట్టు పెట్టిన వ్యవసాయ భూమికీ ఈ చట్టం వర్తించదు.

ఇవన్నీ కొందరికి తెలుసు. చాలామందికి తెలియనిది వేరే ఉంది. ఆ చట్టం కింద 2002లోనే చేసిన నియమాలలో ఎనిమిదవది స్పష్టంగా చెప్తుంది: అధికారి ఇంటిని నిజంగా తన చేతికి తీసుకున్న తరువాత, తెలివిగల యజమాని తన సొంత ఆస్తిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. అమ్మే దాకా ఆస్తిని కాపాడే ఏర్పాట్లు చేయాలి. అవసరమైతే ఇన్సూరెన్సు కూడా చేయించాలి. కనుక మన సభ్యుని ప్రశ్నకు జవాబు ఇది: బీగం చెవి ఎవరి దగ్గర ఉందో, ఇంటి బాధ్యత కూడా వాళ్ళదే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. వాకిలికి కాగితం అంటించి, పత్రికలో ప్రకటన వేసి, మనుషులను లోపలనే ఉండనిస్తే అది కాగితం మీది స్వాధీనం మాత్రమే. మనుషులను బయటికి పంపి బీగం వేసినప్పుడే అది నిజమైన స్వాధీనం. మనవాళ్ళు ఖాళీ చేయకపోతే బ్యాంకు జిల్లా మేజిస్ట్రేటును, అంటే మన డీసీని, ఆశ్రయించి ఉత్తర్వు తెచ్చుకోవాలి. కాగితం అంటించిన రోజే మనవాళ్ళు కొందరు వీధిలో తల ఎత్తుకోలేక రాత్రికి రాత్రే సామాను ఎత్తుకొని వెళ్ళిపోతారు. బ్యాంకు ఇంకా చేతికి తీసుకోలేదు, మనం వదిలేశాము. నడుమ ఆ ఇల్లు నెలల తరబడి ఎవరికీ చెందకుండా ఉంటుంది. దొంగలకూ చెదలకూ అదే అదను. అందుకే చెప్తున్నాము: సిగ్గుపడి ముందే ఇల్లు వదలకండి. అప్పు పడటం నేరం కాదు. వదలవలసి వస్తే అప్పగింత కాగితం రాయించుకొని, చెవి వాళ్ళ చేతికిచ్చి, అందినట్టు సంతకం, సీలు తీసుకొని వదలండి.

వడ్డీ వ్యాపారి మనుషులు వచ్చి బీగం వేస్తే ఈ మాటలేవీ వర్తించవు. ఈ అధికారం బ్యాంకులకూ, చట్టంలో చేరిన ఫైనాన్సు సంస్థలకూ తప్ప వాళ్ళకు లేదు. అది ఒట్టి దౌర్జన్యం. చిన్న అప్పుల వసూళ్ళలో దౌర్జన్యాన్ని ఆపడానికి కర్ణాటక ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ఆర్డినెన్సు తెచ్చింది. అటువంటిది జరిగితే వెంటనే సంఘానికి చెప్పండి, పోలీసు స్టేషనుకు మేము వెంట వస్తాము.

మిల్లులో పని చేసిన వాళ్ళకు ఒక సంగతి తెలుసు. నడిచే మిషను కన్న ఆగిన మిషనుకే త్వరగా తుప్పు పడుతుంది. లాకౌటు తరువాత మిల్లు తెరిచిన రోజు కదురులు తిప్పి చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఇల్లు కూడా అంతే. మనిషి ఉంటే కారే చోట గిన్నె పెడతాడు, మరునాడు సిమెంటు పూస్తాడు. మనిషి లేని ఇంట్లో ఒక చిన్న నెర్రె రెండు వానలకు గోడంత అవుతుంది. మన వైపు అక్టోబరు, నవంబరు వానలు ఎట్లా ఉంటాయో 2021 నవంబరులో అందరమూ చూశాము. మట్టిగోడల ఇండ్లు కూలిపోయిన వాళ్ళ బాధ మరిచిపోలేదు.

అట్లాగని ఖాళీ ఇంటిని కాపాడటానికి లక్షలు అక్కరలేదు. వానకాలానికి ముందు మిద్దె ఊడ్చి గొట్టాలు తీయించాలి. సంపుకూ ట్యాంకుకూ మూతలు బిగించి నీళ్ళు ఖాళీ చేయాలి. బోరు మోటారు, వైర్లు, మీటరు లెక్క రాసి ఫొటోలు తీసి పెట్టాలి. పదిహేను రోజులకు ఒకసారి తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి, చెదలు చూడాలి. రాత్రి కాపలాకు వీధిలోని మనిషినే పెట్టుకోవచ్చు. ఇదంతా ఒక మేస్త్రీ, ఒక వాచ్‌మన్ చేసే పని. కాపలాకూ వేలానికీ అయిన న్యాయమైన ఖర్చును మన బాకీలో కలుపుకునే వీలు బ్యాంకుకు చట్టంలో ఉంది. ఖర్చు మనదే అయినప్పుడు పని జరిగిందా లేదా అని అడిగే హక్కు కూడా మనదే. కాపలా లేని ఇంటికి కాపలా ఖర్చు రాస్తే అది ఒప్పుకునేది లేదు.

పాడైన ఇల్లు కొనేవాడిని కూడా ముంచుతుంది. వేలం ప్రకటనలో “ఎక్కడున్నది అక్కడ, ఎట్లున్నది అట్లా” అని రాస్తారు. కొన్న తరువాత కందాయం బాకీ, బెస్కాం బాకీ, కారే మిద్దె అన్నీ బయటపడతాయి. ఆ కొనేవాడు కూడా మనలాగా పైసా పైసా కూడబెట్టిన కార్మికుడే కావచ్చు. మంచి ఇంటికి మంచి ధర వస్తే ఇద్దరికీ మేలు, బ్యాంకుకూ మేలు. కొనేవాళ్ళు రాకపోతే రిజర్వు ధర తగ్గించి మళ్ళీ వేలం వేస్తారు. అప్పుడు లాభం దళారులకు తప్ప మరెవరికీ ఉండదు.

ఇంత చెప్పిన చట్టంలో లోటు ఎక్కడ ఉంది? జాగ్రత్తగా చూడమని చెప్పింది గాని, చూడకపోతే రోజుకింత అని జరిమానా పెట్టలేదు. అప్పు తీరిన తరువాత ఆస్తి పత్రాలు 30 రోజులలో తిరిగి ఇవ్వకపోతే, రోజుకు 5,000 రూపాయలు అప్పుదారునికి చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. పత్రాలకు ఇచ్చిన విలువ ఇంటికి ఎందుకు ఇవ్వరు? అమెరికాలో 2008 నాటికి లక్షలాది కుటుంబాలు కంతులు కట్టలేక ఇండ్లు పోగొట్టుకున్నాయి. వీధులకు వీధులు ఖాళీ అయ్యాయి. అప్పుడు కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. బ్యాంకు చేతికి వచ్చిన ఖాళీ ఇంట్లో పిచ్చి మొక్కలు పెరిగినా, నిలిచిన నీటిలో దోమలు పుట్టినా, పరాయివాళ్ళు చొరబడినా, నోటీసు ఇచ్చి, అప్పటికీ బాగు చేయకపోతే రోజుకు వెయ్యి డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు అన్నది. పెట్టుబడిదారీ దేశంలోనే ఇది సాధ్యమైతే మన దేశంలో ఎందుకు కాదు?

మన వైపు తప్పులు కూడా మనం చెప్పుకోవాలి. ఇల్లు వదిలేటప్పుడు కోపంతో కిటికీలు, తలుపులు పీక్కొని పోయినవాళ్ళు ఉన్నారు. ఆ కోపం మాకు అర్థమవుతుంది. కానీ పీకిన ప్రతి తలుపూ మన ధరలో నుంచే తగ్గుతుంది. అట్లాగే బ్యాంకు బీగం పగలగొట్టి లోపలికి పోతే కేసు మన మీదికి వస్తుంది. ఆ పని ఎవరూ చేయవద్దు. చివరి మాట, ఆశ వదులుకోవద్దు. వేలం ప్రకటన వెలువడే తేదీకి ముందు బాకీ, ఖర్చులు పూర్తిగా కడితే ఇల్లు మనకే తిరిగి వస్తుంది. 2016 సవరణ తరువాత ఆ గడువు దాటితే హక్కు పోతుంది. కనుక తేదీలు రాసి పెట్టుకోండి.

మేము డిమాండ్ చేస్తున్నది ఇది.

ఒకటి, ఇల్లు చేతికి తీసుకునే రోజు బ్యాంకు అధికారి ఇంటి స్థితిని, లోపలి సామానును పంచనామా రాసి, ఫొటోలతో ఒక ప్రతి కుటుంబానికి ఇవ్వాలి.

రెండు, కాపలా, మరమ్మతు, ఇన్సూరెన్సు ఖర్చుల లెక్కను మూడు నెలలకు ఒకసారి అప్పుదారునికి రాతపూర్వకంగా తెలపాలి.

మూడు, మన నగరసభ బీగం వేసిన ఇండ్ల పట్టీ తయారు చేసి, దోమలు, చెత్త, కూలే గోడల విషయంలో చెవి ఉన్న బ్యాంకుకే నోటీసు ఇవ్వాలి.

నాలుగు, నిర్లక్ష్యం వల్ల తగ్గిన ధరను అప్పుదారుని బాకీలో నుంచి కొట్టివేయాలి. దీనికి చట్టంలో సవరణ కావాలి. ఆ మాట మన శాసనసభ్యునికీ, లోక్‌సభ సభ్యునికీ మహజరు ద్వారా తెలుపుతాము.

సంఘం తరఫున మేము చేయబోయేది కూడా చెప్తున్నాము. సభ్యుల ఇండ్లలో బీగం పడినవి ఉంటే, ఆ వీధిలోని ఇద్దరు ముగ్గురు కార్మికులు ప్రతి వాన తరువాత రోడ్డు మీద నుంచే ఇంటిని చూసి, ఫొటో తీసి, తేదీ వేసి ఆఫీసుకు ఇవ్వాలి. దాని మీద బ్యాంకుకు ఉత్తరం రాసి, అందినట్టు సీలు వేయించుకుంటాము. రేపు ట్రిబ్యునలులో గాని, లెక్క తేల్చే రోజున గాని ఆ సీలు పడిన కాగితమే మన సాక్ష్యం. మన సభ్యుని ఇంటి మీద మొదటి ఉత్తరం సోమవారమే ఇచ్చి వచ్చాము. మిద్దె గొట్టం తీయించమని, సంపుకు మూత వేయించమని, మోటారు దొంగతనం మీద ఫిర్యాదు ఇవ్వమని అందులో అడిగాము. జవాబు ఏమి వచ్చిందో వచ్చే సంచికలో రాస్తాము.

కాగితం అందుకొని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయే వాళ్ళు మనలో ఉంటే, దయచేసి ఆ కాగితం తీసుకొని షిఫ్టు అయిన తరువాత ఆఫీసుకు రండి. 60 రోజుల గడువులో మొదటి వారంలో వస్తే చేయగలిగింది చాలా ఉంటుంది. చివరి వారంలో వస్తే కొంచమే మిగులుతుంది. సిగ్గుపడి ఒంటరిగా ఉంటే ఇల్లూ పోతుంది, ధరా పోతుంది. కలిసి ఉంటే కనీసం లెక్క అడగగలము.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!