రెండూ యాసిడ్లేగా!
వైవాలో అందరం టకటకా చెప్పేస్తాం: యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. మరి ప్రయోగం అయ్యాక ఆ సీసా ఏ అరలో పెట్టాలి? అది నన్నెవరూ అడగలేదు.

మా ల్యాబ్‌లో నైట్రిక్, గ్లేషియల్ ఎసిటిక్ సీసాలు పక్కపక్కనే ఉంటాయి. రెండూ యాసిడ్లేగా అని నేనూ అలాగే సర్దేశా. కానీ ఎసిటిక్ మండే ద్రవం; నైట్రిక్ మంటను ఎగదోసే ఆక్సిడైజర్. పగిలి కలిస్తే నిప్పు అంటుకోవచ్చు, విషవాయువులు రావచ్చు.

పేరును బట్టి కాదు, గుణాన్ని బట్టి సర్దాలి. నైట్రిక్‌కు దూరంగా వేరే అర, సీసా కింద ట్రే: ఇదేం పెద్ద ఖర్చు కాదు. సార్, మొదటి క్లాసులో రికార్డు కంటే ముందు అర చూపించండి. ఫ్రెండ్స్, సీసా పెట్టేముందు పక్క సీసా లేబుల్ కూడా చదవండి.