ధ్రువజ్యోతియు మార్కాపురపు పలకయు

2024 మే 10వ తేదీ రాత్రి లడఖ్‌లోని హాన్లేయం దాకాశము ఎఱ్ఱవాఱినది. అచ్చటి ఖగోళ పరిశోధనాలయపు కెమెరాలు ఆ కాంతిని చిత్రించినవి. ధ్రువప్రాంతములకే చెల్లునని మనము బడిలో చదివిన జ్యోతి 33వ అక్షాంశపు చేరువకు దిగివచ్చినది. ఆ చిత్రములు చేతిఫోనులలో మన యూళ్లకు రాగా, కొందఱు "ఇది యే కీడునకు సూచన?" యనిరి, మఱికొందఱు "మనకు కానరానిదానితో మనకేమి పని?" యనిరి. రెండు మాటలును విచారింపదగినవే.

మొదటి ప్రశ్న క్రొత్తది గాదు. దిక్కులు మండినట్లు తోచుటను దిగ్దాహమని వరాహమిహిరుడు బృహత్సంహితలో ఫలములు చెప్పెను. కారణము తెలియని కాలమది, ఆతనిని తప్పుపట్టరాదు. నేడు కారణము తెలిసినది. సూర్యుని నుండి వెడలిన విద్యుత్కణములు భూమియొక్క అయస్కాంత క్షేత్రమును కలచును. ఆ కలతచే మీది వాయువులు వెలుగును. ప్రాణవాయువు ఇన్నూఱు కిలోమీటర్లకు మీదుగా ఎఱ్ఱగను, అంతకు దిగువ పచ్చగను ప్రకాశించును. దక్షిణమున నున్నవారికి దిగువ పచ్చదనము దిగంతమున మఱుగుపడి, మీది యెఱుపే కానవచ్చును. అది నెత్తురు గాదు, కీడు గాదు.

రెండవ మాటకు 1872వ సంవత్సరమే సాక్షి. ఆ ఫిబ్రవరి 4న ఈ జ్యోతి బొంబాయిలో కనబడెనని నాటి పత్రికలు వ్రాసినవి. బొంబాయి, ఏడెన్‌ల నడుమ సముద్రపు తంతియు చెదరినది. బొంబాయి మార్కాపురమునకు మూడు డిగ్రీలకు కొంచెము మించి మాత్రమే ఉత్తరము. 1989 మార్చిలో ఇట్టి తుపానే కెనడాలోని క్విబెక్కును తొమ్మిది గంటలు చీకటిలో నుంచెను. మన విద్యుత్తునకు అంత భయము లేకపోవచ్చును. కాని వానకబురు చెప్పు ఉపగ్రహములు ఆ తుపాను దారిలోనే యున్నవి. మేఘమునకై యెదురుచూచు మన మెట్టరైతునకు ఇది పరుల గోల యెట్లగును?

సూర్యుని కనిపెట్టు ఆదిత్య-ఎల్1 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుండియే బయలుదేరి, 2024 జనవరి 6న 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన నెలవు చేరినది. కావలివాడు మనవాడు, వాని మాట మన పఠనమందిరములలో వినబడకున్న దోషమెవ్వరిది? దేశమునకు పలకలనిచ్చిన ఊరు మార్కాపురము. ఇచ్చటను గిద్దలూరునను ప్రతి పఠనమందిరపు వాకిట నొక పలక నిలిపి, సూర్యుని నాటి స్థితిని రెండు వాక్యములలో ఒక విద్యార్థిచే వ్రాయింపుడు. వ్యయము ఒక బలపము. ఆ పలక చదివి పెరిగిన బాలుడు ఎఱ్ఱని యాకాశమును జూచి కీడెంచడు, కారణమడుగును. స్వరాజ్యమునకు కావలసినది అట్టి పౌరుడే.