ఆఱవ దినము

గోదావరి తీరమున, అడవి యంచున నున్న మా యూరి ఉపాధ్యాయులు కొందఱు గతమాసమున చందాలు పోగుచేయ నారంభించిరి. ఇంట హింసపడి వెలువడిన స్త్రీలకు తోడ్పడుట వారి సంకల్పము. ధనము వారు వసూలు చేసిరి. వస్తువులు చేర్చు పని వారి యిండ్లలోని మాబోటివారిపై పడెను. మూడు దినములలో మా వసారా చీరలతో నిండినది. అందు సగము అంచులు చినిగినవి, రంగు వెలిసినవి. వానిని మడతపెట్టుచు మేము సిగ్గుపడితిమి. మనము కట్టనొల్లనిది ఆపదలోనున్న సోదరి కట్టవలయునా?

భద్రాచలమునకు చేరువనే పర్ణశాల గలదు. సీతారాములు వనవాసమున వసించిన తావని జనులు చెప్పుదురు. ఆ సీతమ్మకే పిమ్మట మఱల అడవి ప్రాప్తించెను. ఆమారు పతి వెంట లేడు. వాల్మీకి యామెను మునిపత్నుల కప్పగించుచు, స్నేహముతో చూడుడని, గౌరవింపుడని చెప్పెను. ఉత్తరకాండలోని యీ ఘట్టమును చదివినపుడెల్ల మాకు తోచునది యొక్కటే: గౌరవము ముందు, అన్నవస్త్రములు పిమ్మట.

నడిరేయి బిడ్డ నెత్తుకొని వచ్చు స్త్రీ పెట్టె సర్దుకొని రాదు. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకము అత్తవారింటనే యుండిపోవును. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టికెట్టు సొమ్ము లేదు. కాని గుర్తింపు కార్డు చూపవలెను. అది లేని యామెకు ఆ సౌకర్యమును లేదు. కావున చీరలకంటె ముందు చేతిఖర్చునకు రూకలు కావలెను.

చట్టము మనవైపే యున్నది. 2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చిన గృహహింస చట్టము కొట్టుటనే గాక, అవమానించుటను, ఖర్చులకు ఈయక వేధించుటను గూడ హింసయే యనుచున్నది. ఇల్లు తన పేర లేకున్నను అందుండు హక్కు భార్యకు గలదు. 181 నంబరునకు ఫోను చేసినచో సాయము లభించును. ఖమ్మము జిల్లాయందును, భద్రాద్రి కొత్తగూడెము జిల్లాయందును సఖి కేంద్రములు గలవు. అచట వైద్యము, న్యాయసలహా, పోలీసు సాయము, ఐదు దినములవఱకు వసతి దొరకును. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి, ఆదాయమెంతయైనను, వకీలు ఉచితము.

మఱి ఆఱవ దినము? ఎక్కువకాలము తలదాచుకొనుటకు ప్రభుత్వ వసతిగృహము లున్నవి. కాని తన కాళ్లపై నిలువగోరు స్త్రీకి ఇంటి అద్దెకు బయానా, వంటపాత్రలు, ఒక కుట్టుమిషను, బిడ్డకు బడి కావలెను. బదిలీపత్రము ఆలస్యమైనదని బిడ్డను చేర్చుకొనకుండరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఈ మాట తల్లులకు ఉపాధ్యాయులే చెప్పవలెను. మేము చినిగిన చీరలను తీసివేసి, చందాసొమ్మును ఈ ఆఱవ దినమునకై నిలుపుడని మగవారిని కోరితిమి. పుచ్చుకొను స్త్రీల పేర్లు చాటరాదు, ఫోటోలు తీయరాదు అనియు చెప్పితిమి. వారంగీకరించిరి.

చివరి దినమున ఒక క్రొత్తచీర తెచ్చిన చదువుకొన్న యిల్లాలు, అందఱు వెళ్లిన పిదప నిలిచి, ఆ ఫోను నంబరు మఱల చెప్పుడని యడిగెను. ఎవరికని మేము అడుగలేదు. మెల్లగా చెప్పితిమి. ఆమె వ్రాసికొనలేదు, రెండుమార్లు పలికి జ్ఞాపకముంచుకొనెను. చందా పుస్తకమున ఇచ్చువారు వేఱు, పుచ్చుకొనువారు వేఱని మేమంతవఱకు తలచియుంటిమి.