ఉప్పు మంటయు అయస్కాంతమును

చారు పొంగి పొయ్యిలో పడినపుడు గాని, చిటికెడు ఉప్పు నిప్పులో రాలినపుడు గాని మంట క్షణకాలము గాఢమైన పసుపువన్నె దాల్చుట సోదరీమణు లెల్లరు చూచియే యుందురు. ఆ వన్నె ఉప్పులోని సోడియముది. ఈ మాసము ఆ వెలుగు కథనే విన్నవింపదలచితిమి.

పరమాణువునందలి ఎలక్ట్రానుల శక్తి మేడమెట్ల వంటిది. మెట్టునకును మెట్టునకును నడుమ నిలుచుట కవకాశము లేదు. ఎలక్ట్రాను పైమెట్టునుండి దిగునపుడు ఆ రెంటి యంతరమునకు తగిన వన్నెగల వెలుగు వెలువడును.

అయస్కాంత మీ వన్నెను మార్చగలదా యని ఇంగ్లండునందు మైకేలు ఫారడే శోధించెను. బాల్యమున పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చిన యాతడు, డెబ్బది యేండ్ల వయస్సున, 1862లో, మంటను అయస్కాంతపు కొనల నడుమ నుంచి చూచెను. ఏ మార్పును గానరాలేదు.

ఫారడే యంతటివాడు తలచిన పనిని మేలైన సాధనములతో మరల చేసి చూడదగునని హాలండు దేశమున పీటరు జీమను తలచెను. 1896లో లైడెను నగరమున సోడియపు మంటను బలమైన విద్యుదయస్కాంతము నడుమ నుంచగా, వర్ణపటమునందలి పసుపు గీతలు వెడల్పయ్యెను. ఎలక్ట్రాను తానే యొక చిన్న అయస్కాంతము. అది బయటి అయస్కాంతమునకు అనుకూలముగా నున్నచో శక్తి కొంత తగ్గును, ప్రతికూలముగా నున్నచో హెచ్చును. కావున ఒక మెట్టు పలుమెట్లుగా చీలును. 1902లో జీమనునకును, లోరెంజునకును నోబెలు బహుమాన మొసగబడెను.

ఈ చీలిక చలిని పుట్టించుటకును తోడ్పడినది. వాయువునందు చలి యనగా పరమాణువుల మందగమనమే. కొలిమినుండి సెకనునకు సుమారు 1,000 మీటర్ల వేగమున వచ్చు సోడియపు పరమాణువుల కెదురుగా లేసరు కాంతిని పంపుదురు. ఒక్కొక్క కాంతికణపు తాకుడు సెకనునకు 3 సెంటీమీటర్ల వేగమును మాత్రమే తగ్గించును. 30,000కు పైగా తాకుళ్లు కావలెను. అయితే వేగము తగ్గినకొలది పరమాణువునకు ఆ కాంతి వన్నె వేరుగా తోచును. అంతట దానిని గ్రహింపదు. అమెరికాలో విలియం ఫిలిప్సును, హెరాల్డు మెట్‌కాఫును 1982లో దీనికి ఉపాయము చూపిరి. దారి పొడవున అయస్కాంత బలమును క్రమముగా మార్చి, శక్తి మెట్లను ఆ కాంతికి తగునట్లు జరుపుచు వచ్చిరి. 1985లో ఆ చల్లని పరమాణువులను అయస్కాంతముతోనే బంధించిరి. 1997 నోబెలు బహుమానమున ఫిలిప్సు భాగస్వామి.

ఫారడే కేమియు కనబడలేదు; అయినను ఆ శోధనను గూర్చిన వ్రాతయే జీమనును ప్రేరేపించెను. మన బిడ్డ యేదో చేసి చూచి ఫలము గానక చిన్నబోయినపుడు, ‘ఎందుకు వచ్చిన పని’ యని కసరకుడు. చేసినది, చూచినది కాగితముపై వ్రాసి యుంచుమనుడు.